కెనడా క్లాసులో దర్శాయన

మొన్న ఆదివారం నా పరువు ఎట్ల పోయిందో మీ చెవిన పడే ఉంటది. పడినా పడనట్టు కూర్చోండి, నేనే చెప్తా. వేరేవాళ్ళ నోట వింటే దానికి నాలుగు కలిపి చెప్తారు. నేనైతే రెండే కలుపుతాను. టీ చెప్పండి ముందు, ఈ కథ గొంతు తడుపుకోకుండా చెప్పేది కాదు.

నా సంగతి తెలుసు గదా. మార్కాపురంలో విత్తనాల దుకాణం పైన మేడగదిలో స్పోకెన్ ఇంగ్లీషు చెప్తాను. ఈ మధ్య దానికి 'కెనడా క్లాసు' కూడా తగిలించినాను. గిద్దలూరు, త్రిపురాంతకం, కురిచేడు వైపు పిల్లలందరూ కెనడా కెనడా అని కలవరిస్తా ఉంటే, కోచింగ్‌కి ఒంగోలు దాకా పోవడం ఎందుకు, నేను లేనా అని! క్యూలో ఎట్ల నిలబడాల, ఎనకొచ్చే మనిషి కోసం తలుపు ఎంతసేపు పట్టుకోవాల, తప్పు ఎవరిదైనా సారీ మనమే ఎట్ల చెప్పాల, అన్నీ నేర్పిస్తా.

ఆపైన మల్టీకల్చరలిజం. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివితే పిల్లలు ఆవులించినారు. అందుకని ఒకరోజు మిక్చర్ పొట్లం పట్టుకొని పోయినాను. "కొన్ని దేశాలు రోట్లో నూరిన పచ్చడి. మిరపకాయ ఏదో చింతపండు ఏదో తెలియదు. కెనడా అట్ల కాదు. కారప్పూస కారప్పూసే, పల్లీ పల్లీయే. ఎవరి రుచి వాళ్ళదే, కానీ అందరిదీ ఒకటే పొట్లం" అన్నాను. చప్పట్లు! అప్పుడు వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి, "సార్, మరి ఆ పొట్లం ఏంది సార్? అన్నిటినీ కలిపి పట్టుకునేది?" అంది. "అది సిలబస్‌లో లేదమ్మా" అని మిక్చర్ పంచిపెట్టి గండం గట్టెక్కినాను.

ఇక్కడ మీకొక రహస్యం చెప్పాల. నేను కెనడా పోలేదు. కెనడా ఏంది, నా పాస్‌పోర్టు మీద ఒక్క ముద్ర కూడా లేదు. పోయొచ్చినానని ఎవరితోనూ అనలేదు, ఒట్టు! పోలేదని కూడా అనలేదు. "అక్కడ చలి ఉంటది చూడండీ..." అని ఆపేస్తా. మిగతాది వినేవాళ్ళే పూర్తి చేసుకుంటారు. అది నా తప్పా?

అంతా బాగానే నడస్తా ఉండింది. కోటయ్యకు అనుమానం వచ్చేదాకా. కోటయ్యంటే కురిచేడులో మిరపకాయల వ్యాపారం చేసే ఆయన, పొట్లం ప్రశ్న అడిగిన అమ్మాయి వాళ్ళ నాయన. నా బ్యాచ్‌లో తల్లిదండ్రులకంతా ఆయన మాటే మాట. ఆయన లేచిపోతే బ్యాచ్ మొత్తం లేచిపోతది. "సారూ, ఒంగోల్లో ఒకాయన ఉన్నాడంట. నిజంగా పోయొచ్చినాయనంట" అన్నాడు ఒకరోజు. ఆ 'నిజంగా' అన్నచోట నా మొహంలోకి చూసినాడు.

సరిగ్గా అప్పుడు దేవుడు పంపినట్టు గ్లోరియా మేడమ్ మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషు టీచర్ల ఆన్‌లైన్ గ్రూపులో పరిచయం. అచ్చంగా కెనడాలో పుట్టి పెరిగిన మనిషి. బయటి దేశాల నుంచి కొత్తగా వచ్చినవాళ్ళకు అక్కడ ఇంగ్లీషు చెప్తది. స్నేహితురాలి కూతురి పెళ్ళికి హైదరాబాద్ వచ్చిందంట, ఆదివారం కారులో వచ్చి నా క్లాసు చూసి పోతానంది. నేను ఎగిరి గంతేసినాను. సాక్షాత్తూ కెనడా మనిషే వచ్చి నా పక్కన నిలబడితే కోటయ్య ఇంక నోరు తెరుస్తాడా?

భయమంతా మా ఇంటోళ్ళతోనే. ముఖ్యంగా మా అమ్మ ఓబులమ్మతో. ఓబులమ్మ బస్సెక్కిందంటే పక్కసీటు మనిషి రెండు స్టాపులు దాటేలోపల చుట్టమైపోవాల్సిందే. మనకాడ పద్ధతి మీకు తెలిసిందే గదా. కొత్త మనిషి కనపడితే ముందు ఊరు, తర్వాత ఎవరి తాలూకు, ఆ తర్వాత వరస. వరస కుదిరితేగానీ మాట సాగదు.

అందుకని శనివారమే మీటింగ్ పెట్టినాను. నేను, నా భార్య సుజాత, అమ్మ, నాయన, పక్కింటి ఆడోళ్ళు ఇద్దరు.

"ఆమెను ఏ ఊరని అడగొద్దు. అక్కడ రంగు చూసి 'మీది ఏ ఊరు' అంటే 'నువ్వు మా మనిషివి కాదు' అన్నట్టు లెక్క. మనసు కష్టపెట్టుకుంటారు. వయసు అడగొద్దు. పెళ్ళి, పిల్లలు, జీతం, కులం, ఏదీ అడగొద్దు. ఇంకో ముద్ద తినమని బలవంతం చెయ్యొద్దు."

అమ్మ నోరు తెరుచుకొని నన్నే చూసింది. "ఇంకేం మిగిలింది రా మాట్లాడేదానికి?"

"వాతావరణం."

"అది మాట్లాడేదేంది రా, బయటకొస్తే తెలియదా?"

సుజాత గవర్నమెంటు స్కూల్లో ఇంగ్లీషు టీచర్, నాకంటే బాగా మాట్లాడతది. "ఆమె మిమ్మల్ని అడిగితే?" అంది చిన్నగా నవ్వుతా. ఆ నవ్వు నాకప్పుడు అర్థం కాలేదు. మా నాయన మాత్రం బుద్ధిగా 'టుమారో ఆల్సో హాట్' అనే మాట కంఠతా పట్టినాడు. అంతకంటే ఎక్కువ మాట్లాడే మనిషి కాదు ఆయన.

ఆదివారం కారు వచ్చింది. తలుపు తెరుచుకుంది. మన రంగు మనిషి, పొట్టి ఉంగరాల జుట్టు, కాటన్ చుడీదార్. తెల్లావిడ ఎక్కడా అని నేను కారులోకి తొంగి తొంగి చూస్తా ఉన్నా! గ్రూపులో ఆమె ఫొటో చూడలేదు నేను, పువ్వు బొమ్మ ఉండేది. సుజాత వెనక నుంచి నడుంలో పొడిచింది. "ఆమే! నోరు మూసుకొని దండం పెట్టండి." మొహం చూసి మనిషి ఏ దేశమో చెప్పొద్దని వారం వారం పాఠం చెప్పే మొనగాణ్ణి నేను.

సరే, లోపల కూర్చోబెట్టినాం. గ్లోరియా మేడమ్ నవ్వుతా అందర్నీ చూసింది. మావాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు, స్కూల్లో ఇన్‌స్పెక్షన్‌కి నిలబడినట్టు.

పక్కింటామె ముందుకొచ్చి, "టుడే హాట్" అంది.

రెండో ఆమె, "వెరీ హాట్."

నాయన గొంతు సవరించుకున్నాడు. "టుమారో ఆల్సో హాట్."

అక్కడితో కంఠతా పట్టినవి అయిపోయినాయి.

పాపం ఆమే ప్రయత్నం చేసింది. మీకెంతమంది పిల్లలు, ఈ ఊళ్ళోనే పుట్టినారా, బయట ఆ గొర్రెలు మీవేనా అని అడిగింది. సుజాత తెలుగులో చెప్పగానే అమ్మ మొహం వెలిగింది. నోరు తెరవబోయి నావైపు చూసింది. నేను కళ్ళు ఉరిమినాను. "థాంక్యూ" అంది అమ్మ. మా అమ్మ ఎన్ని మాటలు లోపలికి మింగిందో ఆ దేవుడికే తెలుసు.

భోజనాల దగ్గర ఇంకా ఘోరం. సజ్జరొట్టె, పొట్టేలు కూర, గోంగూర. అమ్మ తెల్లారకముందే లేచి చేసింది. మేడమ్ ఒక రొట్టె తిని ఆగింది. ఎవరూ 'ఇంకొకటి' అనలేదు. అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కొని పోయింది.

"ఒరే, ఆమెను ఏమని పిలవాల్రా? వయసు అడగొద్దంటివి, ఊరు అడగొద్దంటివి. చెల్లెలనాల్నా, వదిననాల్నా? పిలుపు లేకుండా ఇంకో రొట్టె ఎట్ల వెయ్యాల? కుక్కకు వేసినట్టు వెయ్యాల్నా?"

"వెయ్యొద్దు. బలవంతం చెయ్యకూడదు."

అమ్మ రొట్టెల గంప మీద గుడ్డ కప్పి అట్లనే కూర్చుండిపోయింది. అవతల మేడమ్ ఖాళీ పళ్ళెం వైపు చూస్తా కూర్చోనుంది. ఆమె కూడా మర్యాదస్తురాలే గదా, ఎట్ల అడుగుద్ది!

సాయంత్రం క్లాసు. గది నిండిపోయింది. పిల్లలు, వాళ్ళ అమ్మానాయనలు, ముందు వరసలో కాలు మీద కాలేసుకొని కోటయ్య. అమ్మా నాయనా కూడా వచ్చి వెనక కూర్చున్నారు. నేను మైకు పట్టుకొని మల్టీకల్చరలిజం మీద దంచినాను. తర్వాత మేడమ్ లేచి, "నేను ఉపన్యాసం ఇవ్వను. మీకు ఏం కావాలంటే అది అడగండి" అంది.

ఎవరూ కదల్లేదు. అడగకూడనివి ఏందో బోర్డు మీద రాసి పెట్టి మరీ నేర్పించినాను గదా, నా శిష్యులు గురువును మించినవాళ్ళు! కాసేపటికి ఒక పిల్లోడు చెయ్యెత్తినాడు. నా ప్రాణం లేచొచ్చింది.

"మేడమ్, టుడే హాట్."

గ్లోరియా మేడమ్ మొహంలో నవ్వు పోయింది. నా పక్కకొచ్చి మెల్లగానే అడిగింది కానీ మైకు ఆన్‌లోనే ఉంది. "రమణా, నేనేమైనా తప్పు చేసినానా? పొద్దున్నుంచి నన్ను ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. నేను రావడం మీకు ఇష్టం లేదేమో. చెప్తే పోతాను." మా ఇంటికొచ్చిన మనిషి, ఆకలితో ఉన్న మనిషి! నాకు నేల చీలితే బాగుండనిపించింది.

కోటయ్య పక్కాయన చెవిలో అన్నది కూడా వినపడింది. "చూసినావా, ఆమెకు ఈయన పొడ గిట్టలేదు. ఈయన అక్కడుండింటే ఆమెతో ఇట్ల ఉంటాడా? రేపు ఒంగోలు పోయి ఆ సారును కలుద్దాం."

నేను మైకు స్విచ్చు కోసం తడుముకుంటా ఉంటే వెనక నుంచి ఒక గొంతు లేచింది.

"ఏమ్మా, మీదే ఊరు? ఎవరి తాలూకు?"

అమ్మ! నిలబడి ఉంది, నడుం మీద చేతులు పెట్టుకొని. సుజాత అడ్డం పడకపోగా, టకటకా ఇంగ్లీషులోకి మార్చి చెప్పేసింది. నేను మైకులో అరిచినాను. "మేడమ్, డోంట్ ఆన్సర్! ప్లీజ్ డోంట్ ఆన్సర్!" కెనడా మనిషిని కెనడా గురించి మాట్లాడొద్దని ఆపిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

మేడమ్ నా చేతిలో మైకు తీసుకుంది. "కూర్చో రమణా" అంది. కూర్చున్నాను.

అప్పుడు మొదలుపెట్టింది. వాళ్ళ అమ్మది కెనడాలో గోధుమ పండే ఒక పల్లె. వాళ్ళ నాయన ఎక్కడో సముద్రం మధ్య దీవి నుంచి పని కోసం వచ్చినాడు. ఆమెను పెళ్ళి చేసుకొని మామ ఊళ్ళోనే, మామ ఇంట్లోనే ఉండిపోయినాడు. ఆ మామకు మగపిల్లలు లేరు. పొలమూ గొర్రెలూ ఈయనే చూసుకున్నాడు.

"ఇల్లరికం!" అంది గదంతా ఒక్కసారిగా.

సుజాతకు ఆ ముక్క ఇంగ్లీషులో చెప్పేదానికి చాలాసేపు పట్టింది. మేడమ్‌కి అర్థమయ్యాక పడీ పడీ నవ్వింది. "అవును, అదే! మా నాయన కెనడాకి ఇల్లరికం వచ్చినాడు." ఆ తర్వాత నవ్వు ఆపి చెప్పింది. "నువ్వు నిజంగా ఎక్కడోడివి అని మొహం మీద అడిగి బాధపెట్టినవాళ్ళు ఉన్నారు. అది చెడ్డదే. రమణ నేర్పించింది అబద్ధం కాదు. కానీ మా ఊళ్ళో చాలామంది మర్యాదస్తులు. ఏమీ అడిగేవాళ్ళు కాదు. కనపడితే ఎండ, వాన, మంచు. మా నాయన ముసలాడయ్యేదాకా ఆయనతో ఆ ముక్కలే మాట్లాడినారు. ఆయనకు ఎక్కువ నొప్పి పెట్టింది అదే."

నేను తల ఎత్తలేదు. అవతల అమ్మ వేళ్ళ మీద లెక్క వేస్తా ఉంది. "నాకు అన్నదమ్ములు లేరు, ఈమె అమ్మకూ లేరు. మా నాయనకు గొర్రెలు, వాళ్ళకూ గొర్రెలు. ఇద్దరివీ ఇల్లరికం ఇళ్ళే. వయసెంతమ్మా? యాభై ఎనిమిదా? అయితే నాకు చెల్లెలు!" ఆ లెక్క ఏ చుట్టరికంలోనూ నిలబడదు, అయినా ఎవరూ కాదనలేదు. చెల్లెలంటే మా నాయనకు మరదలు గదా. ఆయన గబుక్కున భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. గదంతా గొల్లున నవ్వింది.

ఇంక కట్ట తెగిన చెరువే. పిల్లలెంతమంది, మీ ఆయన ఏడీ, విడిపోతే ఎందుకు విడిపోయినారు, ఆ పళ్ళు కట్టించుకున్నవా సొంతమా! అన్నిటికీ ఆమె హాయిగా జవాబు చెప్పింది. కోటయ్య కూతురు లేచి నన్నడిగిన ప్రశ్నే ఆమెనూ అడిగింది, పొట్లం ఏందని. మేడమ్ ఆలోచించింది. "మేమూ అదే కొట్లాడుకుంటా ఉన్నాం. కొందరు చట్టం అంటారు. కొందరు భాష అంటారు, అవి చూస్తే ఇంగ్లీషు, ఫ్రెంచి అని రెండు. మా అన్నది కూడా నాయన రంగే, అయినా కొత్తగా వచ్చినవాళ్ళు మా పద్ధతికి రావాల్సిందే అంటాడు. నేను ఎవరి పద్ధతి వాళ్ళను ఉంచుకోనియ్యి అంటాను. పండగ పూట కూడా మాకు ఇదే గొడవ. పొట్లం ఇంకా కట్టడం అయిపోలేదమ్మా."

అప్పుడు మా నాయన లేచినాడు. జీవితంలో పదిమంది ముందు నోరు తెరవని మనిషి.

"అమ్మా, నాది దర్శి పక్కన. పెళ్ళయ్యాక ఈమె ఇంటికే వచ్చినాను. నలభై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ నన్ను దర్శాయనే అంటారు. మొదట్లో కోపమొచ్చేది, నాకు పేరు లేదా అని. ఒకసారి దర్శిలో మా అన్న కూతురు పెళ్ళికి పోతే, 'మార్కాపురమాయన వచ్చినాడు, కుర్చీ వెయ్యండి' అన్నారు. అన్నదమ్ములే. చుట్టాలకు వేసినట్టు కుర్చీ వేసినారు నాకు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఏడ్చినాను. ఇక్కడ దిగితే సోడా బండాయన, 'ఏం దర్శాయనా, చాన్నాళ్ళు కనపడకపోతివే, యాడికి పోయినావు' అన్నాడు. నేను లేనని చూసుకున్నాడు గదా ఆయన! అప్పట్నుంచి ఆ పేరుతో పిలిస్తే పలుకుతున్నా."

సుజాత ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పింది. మేడమ్ పోయి నాయన చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉంటూ ఆ సంగతి నాకు తెలియదు. నాకు చెప్పలేదు, ఎందుకంటే నేను అడగలేదు. ఎక్కడో ఉన్న కెనడాకు వలస పోవడం గురించి వారం వారం పాఠం చెప్తా, మా ఇంట్లో వలసొచ్చిన మనిషిని ఒక్కనాడూ పలకరించలేదు నేను. సిగ్గేసింది, నిజంగా సిగ్గేసింది.

సిగ్గుతో పోయిందా? పోలేదు. అంతా సద్దుమణిగి, అమ్మ ఇంటి నుంచి తెప్పించిన రొట్టెలు మేడమ్ కడుపునిండా తిన్నాక, కోటయ్య కూడా మెత్తబడి నాతో చెయ్యి కలిపినాడు. ఇంక గెలిచినాననే అనుకున్నా. సరిగ్గా అప్పుడు మేడమ్ నావైపు తిరిగింది. చెయ్యి తుడుచుకుంటా, ఎంతో ప్రేమగా, అందరికీ వినపడేటట్టు అడిగింది.

"రమణా, నిన్ను అడగడమే మర్చిపోయినా. నువ్వు కెనడాలో ఏ ఊళ్ళో ఉండేవాడివి?"

సుజాత దాన్ని తెలుగులో కూడా చెప్పేసింది. కోటయ్య చెయ్యి నా చేతిలోనే ఉంది. గది గదంతా నావైపు తిరిగింది. అక్కడ చలి ఉంటది చూడండీ... అని మొదలుపెడదామనుకున్నా. ఆ చలి చూసినామె ఎదురుగా కూర్చొని ఉంది.

మా నాయనకు ఆ రోజు నోరు అలవాటైపోయింది గదా. కొడుకు తడబడతా ఉంటే సాయం చేద్దామనుకున్నాడు పాపం.

"వాడు యాడ పోయినాడమ్మా! విజయవాడ పోతేనే నీళ్ళు పడక తిరిగొచ్చినాడు."

కోటయ్య చెయ్యి వదల్లేదు. వదిలుంటే బాగుండేది. అట్లనే పట్టుకొని నవ్వినాడు, నవ్వినాడు, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వినాడు. ఒంగోలు మాత్రం పోలేదు. మేడమ్ నెలకొకసారి ఆన్‌లైన్‌లో క్లాసు చెప్పేదానికి ఒప్పుకుంది. మిగతా వారాల్లో కొత్త ఊళ్ళో మనిషి ఎట్ల నిలదొక్కుకోవాల్నో మా నాయన చెప్తాడంట. "సారూ, మీరు కూడా ముందు బెంచీలో కూర్చొని వినండి" అన్నాడు కోటయ్య.

ఊరు ఊరుకుంటదా? నలభై ఏళ్ళున్నా మా నాయన ఈ ఊరాయన కాలేదు. నేను ఒక్కపూట కూడా పోకుండానే కెనడాయన్ని అయిపోయినాను. నిన్న బస్టాండు దగ్గర టీ తాగతా ఉంటే, ఎవరో కొత్తాయన నన్ను చూపించి టీ కొట్టతన్ని అడిగినాడు.

"ఎవరన్నా ఆయన?"

"ఆయనా? కెనడాయన."

"అట్లనా! ఎప్పుడొచ్చినాడు?"

టీ కొట్టతను గ్లాసు కడుగుతా తల కూడా ఎత్తలేదు.

"ఇంకా పోలా!"